నెత్తిమీది అంకె

సూరత్ నగరపు దక్షిణభాగమున నున్న పాండేసర పారిశ్రామికవాడలో, రంగుల మిల్లుల పొగగొట్టముల నీడను, మరమగ్గముల యెడతెగని చప్పుడు చెవుల బడుచుండగా నడచిపోవువానికి గణితశాస్త్రము జ్ఞప్తికి వచ్చుట అరుదు. అయినను అచ్చట ఒక తాను గుడ్డ చేయి మారవలెనన్నచో గణితము లేనిదే పని జరుగదు. గుడ్డ పలుచనిదో దళసరిదో చేతితో తడవి చెప్పగల నేర్పరులు లేకపోలేదు గాని, అమ్మువాడొక యూరను కొనువాడొక యూరను ఉన్నప్పుడు వ్రేలికొనల సాక్ష్యము చెల్లదు. ఒక చదరపు మీటరు గుడ్డ యెన్ని గ్రాములు తూగునో కాగితముమీద వ్రాసి చూపవలెను. దీనినే వర్తకులు జీఎస్ఎం అందురు. శాస్త్రమర్యాద ననుసరించి వ్రాసినచో అది గ్రా/మీ² అగును. ఆ ‘మీ’ నెత్తిమీద కూర్చున్న చిన్న రెండును గూర్చియే ఈ వ్యాసము.

ఆ కొలత తీయు విధానము సులభము. సరిగా నూరు చదరపు సెంటీమీటర్ల వైశాల్యము గల గుండ్రని ముక్కను కత్తిరించు పరికర మొకటి కలదు. ఆ ముక్కను సున్నితపు త్రాసులో వేసి, వచ్చిన గ్రాములను నూటితో హెచ్చించినచో లెక్క తేలును, ముక్క 0.85 గ్రాములు తూగినచో గుడ్డ 85 గ్రా/మీ². నూటితోనే యేల హెచ్చింపవలెనన్నచో, మీటరు పొడవునకు నూరు సెంటీమీటర్లైనను, చదరపు మీటరునకు 100², అనగా 10⁴ చదరపు సెంటీమీటర్లు కలవు గాన, అందు నూరేసి చదరపు సెంటీమీటర్ల భాగములు నూరు ఇముడును. ఇప్పుడా 10⁴ అనుదానిలోని చిన్న నాలుగు నెత్తి దిగి ప్రక్కన నిలిచినదనుకొనుడు, పదివేలు నూటనాలుగైపోవును. ఇది వట్టి యూహ కాదు. కంప్యూటరు తెరపై సలక్షణముగా కనబడిన పత్రములోని వాక్యమును ప్రతి తీసి ఫోను సందేశములో నతికించినంతనే ఇట్టి పతనము సంభవించుట మనలో పెక్కురు చూచినదే, చూచియు గమనింపనిదే.

కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి నేతపనికై వెడలిన తెలుగు కుటుంబములు సూరత్‌లో చిరకాలముగా నివసించుచున్నవి. వారి పిల్లలకై నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు పాఠశాలలను సైతము నడుపుచున్నది. అట్టి బడిలో ‘మూడు వర్గము తొమ్మిది, మూడు ఘనము ఇరువదియేడు’ అని వల్లించిన బాలుడు పెద్దవాడై, ఏ మిల్లు కార్యాలయముననో బిల్లులును, నమూనా చీటీలును, ధరల పట్టికలును టైపు చేయు కొలువులో కుదురుకొన్న దినమున వానికి కలుగు తొలి సందేహము, ఘాతాంకమనగా నేమి యనునది కాదు. అది వానికి తెలియును. ఆ చిన్న రెండు కీబోర్డుమీద ఏ మీటలో నున్నది యనునదే వాని సందేహము. ఏ మీటలోను లేదనుటయే దానికి ప్రత్యుత్తరము. ఇంత ముఖ్యమైన అంకెకు మీట లేకపోవుటకు కారణము తెలియవలెనన్నచో కొంచెము వెనుకకు పోవలెను.

మన ప్రాచీనులకు నెత్తిమీది అంకెతో పని లేకపోయెను. వారు మాటతోనే నిర్వహించుకొనిరి. క్రీ. శ. 1150 ప్రాంతమున సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుని బీజగణితములో తెలియని రాశికి ‘యావత్తావత్’ అని పేరు. దానిని ‘యా’ యని కుదించి, దాని వర్గమును ‘యావ’ యనియు, ఘనమును ‘యాఘ’ యనియు, నాలుగవ ఘాతమును వర్గవర్గమను నర్థమున ‘యావవ’ యనియు వ్రాయుట ఆ సంప్రదాయము. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పదునొకండవ శతాబ్దమున తెనుగు పద్యములలోనికి దెచ్చిన పావులూరి మల్లనకును వర్గము, ఘనము అనునవి ఛందస్సులో నిముడు మాటలే గాని, పంక్తికి పైన వ్రేలాడు గుర్తులు కావు. ఆ యలవాటు నేటికిని మనలను విడువలేదు. ఇంటి స్థలమును చదరపు గజములనియు, గదిని చదరపుటడుగులనియు చెప్పుకొందుము. కాగితముమీద నైనచో ‘చ.గ.’, ‘చ.అ.’ అని పొడి యక్షరములతో తృప్తి పడుదుము. నదీజలముల వార్తలు చదువువారి నోట నానిన ‘టీఎంసీ’ యనునది నూరుకోట్ల ఘనపుటడుగులు, అనగా 10⁹ అడుగు³; ‘క్యూసెక్కు’ సెకనునకు ఒక ఘనపుటడుగు. 2006 ఆగస్టు వరదలలో తాపీనది సూరత్‌ను ముంచినప్పుడు, ఉకాయి ఆనకట్టనుండి దిగువకు వచ్చు ప్రవాహమును ఆ నగరవాసులు క్యూసెక్కులలోనే విని భయపడిరి. ఆ మాటల గర్భమున నొక చిన్న మూడు దాగియున్నదని తలచినవారు ఎవరును ఉండరు.

పాశ్చాత్యులు మాట విడిచి గుర్తును పట్టుకొనిరి. 1484లో ఫ్రాన్సు దేశీయుడైన నికొలా షూకే తన వ్రాతప్రతిలో అంకెను పైకెత్తి ఘాతమును సూచించెను. 1637లో ప్రకటితమైన రెనే దేకార్త్ జ్యామితి గ్రంథముతో నేటి రూపము స్థిరపడెను. వింత యేమనగా, ఘనము మొదలుకొని పై ఘాతములకు చిన్న అంకె పెట్టిన ఆ దేకార్తే, వర్గమునకు మాత్రము తరచుగా అక్షరమునే రెండుమారులు వ్రాయుచుండెను. రెండక్షరములు పట్టు చోటును, ఒక యక్షరమును ఒక అంకెయు పట్టు చోటును సమానమే గదా!

అచ్చుశాలలవారికి ఈ అంకె యొక చిక్కు తెచ్చెను గాని తీరని చిక్కు కాదు. అక్షరములు కూర్చువాని కేసులో చిన్న అంకెల టైపులు ప్రత్యేకముగా నుండెడివి. టైపురైటరు గుమాస్తా యుపాయము మరియు ముచ్చటైనది. అతడు రోలరును అరపంక్తి త్రిప్పి కాగితమును దించి, రెండును కొట్టి, మరల రోలరును యథాస్థానమునకు త్రిప్పుచుండెను. అంకె చిన్నది కాకపోయినను ఎత్తున నుండెను. చదువువానికి అంతియ చాలెను. అచ్చు ఒకసారి పడినపిమ్మట ఆ అంకె జారిపడుటకు తావు లేదు. కంప్యూటరునందు సంగతి వేరు. అచ్చట మనము చూచునది వేరు, యంత్రము దాచుకొనునది వేరు.

1960వ దశకమున అమెరికాలో రూపొందిన, కంప్యూటరు అక్షరములకు స్థానసంఖ్యల నిచ్చు ఆస్కీ పట్టికలో నున్నవి 128 స్థానములు మాత్రమే; అందు పెద్ద అంకెలకే గాని చిన్న అంకెలకు చోటు దొరకలేదు. 1963 నాటి పట్టికలో పైకి చూపు బాణపు గుర్తొకటి యుండెను. 1967లో దాని స్థానమున ^ అను గొడుగు గుర్తు వచ్చి చేరెను. నేడు మనము వ్రాయు 10^3 అను రూపమునందలి గొడుగు ఆ బాణమునకు వారసురాలే. అంతకు పూర్వమే, 1957లో వెలువడిన ఫోర్‌ట్రాన్ భాష, పైకెత్తుటకు గుర్తేదియు లేక రెండు నక్షత్రములను ప్రక్కప్రక్కన నిలిపి 10**3 అని వ్రాయించెను; పైథాన్ నేర్చు నేటి విద్యార్థియు అటులే వ్రాయుచున్నాడు.

1987లో పశ్చిమ యూరపు భాషలకై యేర్పడిన పట్టికలో చిన్న ఒకటి, రెండు, మూడు అంకెలకు మాత్రము ఆసనములు లభించెను: ² అనునది 178వ స్థానమునను, ³ అనునది 179వ స్థానమునను, ¹ అనునది 185వ స్థానమునను కూర్చున్నవి. 1991లో ప్రపంచలిపులన్నిటికిని ఒక్క పట్టికగా యూనికోడ్ ప్రారంభమైనప్పుడు, వీనిని కదల్పక అచ్చటనే యుంచి, మిగిలిన వానికి 8304వ స్థానము మొదలుకొని క్రొత్త వరుస యేర్పరచిరి. అందు మొదట ⁰ ఉండును; ⁴ మొదలు ⁹ వరకు గల అంకెలు 8308 నుండి 8313 వరకు ఉండును. నడుమ ఒకటి, రెండు, మూడులకు చెందవలసిన మూడు స్థానములు, వారికి వేరొక చోట ఇండ్లు ఉన్నందున, ఖాళీగా మిగిలెను. తరువాతి కాలమున మొదటిదానిలో ⁱ అను లాటిను అక్షరమును ప్రవేశపెట్టిరి. తక్కిన రెండును నేటికిని శూన్యముగనే యున్నవి. చిన్న రెండును చిన్న నాలుగును ఒకే వాక్యమున ప్రక్కప్రక్కన వచ్చినప్పుడు ఒకటి లావుగను ఒకటి సన్నముగను, ఒకటి మిట్టగను ఒకటి పల్లముగను కనబడుటకు మూలకారణ మిదియే. ² అనునది దాదాపు ప్రతి ఫాంటునను ఉండును. ⁴ అనునది కొన్నిట లేక, మరియొక ఫాంటునుండి అరువు వచ్చును.

ఇక ఈ అంకెను వ్రాయు మార్గములు ఎన్ని యని విచారించినచో, లెక్కకు అనేకములైనను, తత్త్వమునుబట్టి మూడే. ఈ మూటి భేదము గ్రహించుటకు తెలుగువానికి దూరము పోనక్కరలేదు. మన వత్తులను తలచుకొన్న చాలును. ‘అక’ యను మాటకును ‘అక్క’ యను మాటకును గల భేదమంతయు అడుగున నున్న ఒక చిన్న ఆకారములో నున్నది. ఆ వత్తును టైపు చేయుటకు మనము మరియొక ‘క’ను వ్రాసి, దానిని చిన్నదిగా చేసి, క్రిందికి దింపుచున్నామా? లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుపై ‘క’ కొట్టి, పొల్లు కొట్టి, మరల ‘క’ కొట్టుదుము. ‘ఈ హల్లు పై హల్లుతో సంయుక్తమైనది’ అను నర్థమును యంత్రమునకు తెలిపి, ఆకారము దిద్దు భారమును ఫాంటునకు విడిచెదము. అందుచేతనే ‘అక్క’ యను మాట ఏ ఫోనునకు పోయినను, ఏ సందేశములో నతికించినను, ‘అకక’ కాక ‘అక్క’గనే నిలుచును. చిన్నదిగా కనబడుట వేరు, వత్తగుట వేరు. ఘాతాంకము విషయమునను ఇంతియే: చిన్నదిగా కనబడుట వేరు, ఘాతాంకమగుట వేరు.

మొదటి మార్గము, అంకెనే యక్షరముగా వ్రాయుట. విండోస్ కంప్యూటరులో కుడిప్రక్క అంకెల మీటలున్నచో, ఆల్ట్ మీటను నొక్కిపట్టి 0178 కొట్టి విడిచినంతనే ² వచ్చును. 0179 కొట్టినచో ³ వచ్చును. వర్డులో నైనచో అదే రీతిని 8308 కొట్టి ⁴ను పొందవచ్చును. చేతి ఫోనులలో పెక్కింట అంకె మీటను కొంతసేపు నొక్కిపట్టినచో చిన్న అంకె పైకి తేలును. వెబ్ పుటను స్వయముగా కూర్చువారు మూలమున ² అనియో ⁴ అనియో వ్రాసినను ఫలము ఒక్కటే. ఇట్లు వ్రాసిన అంకె తనంత తానొక యక్షరము గాన, వేషము తీసినను రూపము చెడదు. బిల్లు, ఫోను సందేశము, మెయిలు శీర్షిక, ఫైలు పేరు మున్నగు అలంకారమునకు తావులేని తావులందు ఇదియే శరణ్యము.

రెండవ మార్గము, మామూలు అంకెకు చిన్న వేషము తొడుగుట. వర్డులో అంకెను ఎంచుకొని కంట్రోల్, షిఫ్ట్, సమానపు గుర్తు మీటలను కలిపి నొక్కినచో అది పైకెక్కును. గూగుల్ డాక్స్‌లో కంట్రోల్‌తో చుక్క మీటయు, లిబ్రెఆఫీసులో కంట్రోల్, షిఫ్ట్‌లతో పి మీటయు అదే పని చేయును. వెబ్ పుటలలో నైనచో, ఎస్, యు, పి అను మూడు ఇంగ్లీషు అక్షరముల ముడుపును అంకెకు ముందు వెనుకల పెట్టవలెను. ఈ యేర్పాటు 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 3.2 ప్రమాణముననే కలదు. ఏ అంకెనైనను, ఏ యక్షరమునైనను, ఎంత పొడవైన ఘాతమునైనను పైకెత్తగలుగుట దీని గుణము. కాని యంత్రము దాచుకొన్నది పెద్ద అంకెయే. వేషము దానిపై నున్న వస్త్రము మాత్రమే. ప్రతి తీసి వేరొక చోట నతికించునప్పుడు వస్త్రము జారును. 10³ కాస్త 103 అగును. మఱియు గ్రుడ్డివారికై తెరను బిగ్గరగా చదువు సాధనములు ఈ వేషమును తరచుగా గమనింపక ‘నూట మూడు’ అని చదివిపోవును. చూపు గలవాడు మోసపోకున్నను, వినువాడు మోసపోవును.

మూడవ మార్గము, గణితమును గణితముగనే వ్రాయుట. డోనాల్డ్ కనూత్ 1978లో లోకమున కందించిన టెక్ అను కూర్పు విధానమున, అంకె ముందు గొడుగు గుర్తు పెట్టినచో తరువాతిది పైకెక్కవలెనని యర్థము. మన లిపిలో పొల్లు చేయు పని యెట్టిదో ఇచ్చట గొడుగు చేయు పని యట్టిదే. వర్డునందలి సమీకరణముల పెట్టెయు, వెబ్ పుటలకై 1998లో వెలువడిన మ్యాథ్‌ఎంఎల్ ప్రమాణమును ఈ తెగవే. మ్యాథ్‌ఎంఎల్ కొంతకాలము కొన్ని బ్రౌజరుల యనాదరణకు గురియైనను, 2023లో క్రోమ్ దానిని స్వీకరించుటతో మరల తలయెత్తినది. పాఠ్యపుస్తకము వ్రాయువారు, ఘాతముమీద ఘాతమును పేర్చువారు ఈ మార్గమున పోవుట మేలు. రెండు మీటరుల గుడ్డకు బిల్లు వ్రాయువానికి ఇంత సంరంభ మక్కరలేదు.

ఎక్సెల్ పట్టికలో నొక సూక్ష్మము కలదు. గడిలో 85 అని వ్రాసి దాని ప్రక్కనే గ్రా/మీ² అని చేర్చినచో, అది చూచుటకు సొంపుగా నున్నను సంఖ్యగా నుండక మాటయైపోవును. క్రింద మొత్తము వేయబోయినచో ఆ గడి లెక్కకు రాదు. కావున సంఖ్యను సంఖ్యగనే యుంచి, గడి రూపమును నిర్ణయించు చోట 0 "గ్రా/మీ²" అని వ్రాయవలెను. అప్పుడు కొలత కంటికి కనబడును, లెక్కకు అడ్డము రాదు. అచ్చటనే మరియొక వింతయు కలదు: -2^2 అని గడిలో అడిగినచో ఎక్సెల్ 4 అని చెప్పును, బడిలో మన గురువులు చెప్పినది -4. గుర్తు ముందో ఘాతము ముందో యను తగవులో ఎక్సెల్ గుర్తు పక్షము వహించినది. సందేహమున్నచో కుండలీకరణములు వాడుటయే క్షేమము.

మొదటి మార్గమునకును అపాయము లేకపోలేదు. వెదకుటకును పోల్చుటకును వీలుగా అక్షరములను ఒక్క తీరునకు తెచ్చు పద్ధతు లున్నవి. అందు ఒకటి ² అనునది రెండే యని యెంచి వేషము విప్పివేయును. అట్టి సాధనము చేతిలో 2² అనునది 22 అగును. మఱియు అధోజ్ఞాపికలకు పెట్టు చిన్న అంకె ఘాతాంకమువలెనే యుండును గాన, సంఖ్య తుదిని జ్ఞాపిక గుర్తు పెట్టినచో చదువరి దానిని ఘాతమని భ్రమించును. జ్ఞాపికను మాట తుదిని పెట్టుట వివేకము.

తెలుగునకు ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని కలవు. లాటిను లిపిలో మీటరునకు పెట్టు అక్షరము పొట్టిది. దాని కుడి భుజముపై నిలిచిన చిన్న రెండు ఏకాంతముగా, స్పష్టముగా కనబడును. మన ‘మీ’కి పైన గుడిదీర్ఘము ముందుగనే కలదు, మీ² అని వ్రాసినప్పుడు చిన్న రెండు ఆ గుడికి పొరుగున, దాదాపు అదే యెత్తున నిలిచి, తొందరలో చదువువానికి అక్షరములోని భాగముగా తోచును. తెలుగు పంక్తికి పైన గుడులు, క్రింద వత్తులు ఉండుటచే, వేషము తొడిగిన అంకె పంక్తుల మధ్య దూరమును పెంచి పుటను మెట్టపల్లములు చేయుటయు కలదు. యూనికోడ్‌కు పూర్వపు తెలుగు ఫాంటులు లాటిను అక్షరముల ఇండ్లలోనే మన గుణింతములను వత్తులను కాపురముంచినవి గాన, ఆ ఫాంటులో కూర్చిన పత్రమున ²ను కోరినవానికి అంకెకు మారుగా తెలుగక్షరపు ముక్క యేదియో దర్శనమిచ్చుట కలదు. తెలుగు అంకెలలో ఘాతాంకము వ్రాయదలచినవారికి, ౨ అను అంకెకు చిన్న రూపము యూనికోడ్‌లో లేనే లేదు. వేషము తొడుగుట తప్ప గత్యంతరము లేదు.

అయినను ఘాతములు మన లిపికి క్రొత్తవి కావు. కాలు, అర, ముప్పావులకు నిలువు గీతలును, వీసము, పరక, ముమ్మీసములకు అడ్డగీతలును పెట్టి లెక్కలు వ్రాసిన మన కరణముల సంప్రదాయమును 2008లో యూనికోడ్ తన పట్టికలోనికి తీసికొనినది. ౹, ౺, ౻ అనునవియు ౼, ౽, ౾ అనునవియు ఆ గుర్తులే. ఆ పట్టికలో వానికి పెట్టిన పేర్లను తెనిగించినచో, మొదటివి ‘నాలుగు యొక్క బేసి ఘాతముల భిన్నాంకములు’, రెండవవి ‘నాలుగు యొక్క సరి ఘాతముల భిన్నాంకములు’ అగును. గీత నిలువున నున్నదా అడ్డముగా నున్నదా యనుదానిని బట్టియే మన తాతలు ఘాతమును గుర్తించిరి. చిహ్నము నిలిచిన తీరే వారికి సంఖ్య యొక్క అర్థము.

పత్రము పంపుటకు ముందు చేయదగిన పరీక్ష యొకటి కలదు. దానికి ఖర్చు లేదు. వ్రాసినదానిని అలంకారమేమియు లేని సాదా వ్రాతగా నోట్‌ప్యాడ్‌లో నొకసారి అతికించి చదువవలెను. అచ్చట చిన్న అంకె నిలిచినచో దాదాపు ఎచ్చట నైనను నిలుచును. పెద్దదైపోయినచో, పత్రము పోవు త్రోవలో నెచ్చటనో అది తప్పక పడును.

అంత జాగ్రత్త యేల, జారిన అంకెను చూచినవా డెవడైనను పొరపాటని గ్రహింపడా యని అనవచ్చును. గ్రహింపకపోవుటకే ఎక్కువ వీలు కలదు. 85 గ్రా/మీ² గల గుడ్డ 1.12 మీటర్ల పన్నాతో, 110 మీటర్ల పొడవున నున్నచో, దాని వైశాల్యము 123.2 మీ², తాను తూకము 10 కిలోల 472 గ్రాములు. చిన్న రెండు జారిపోయి గ్రా/మీ అని మిగిలినచో అది అర్థము లేని వ్రాత కాదు. పొడవున ఒక్క మీటరు గుడ్డ ఎన్ని గ్రాములను మరియొక కొలత గుడ్డల వర్తకమున నిజముగనే కలదు. పన్నా ఎంతయైనను దానికి పట్టదు. ఆ లెక్కన చదివినవాడు 110ని 85తో హెచ్చించి, తాను 9 కిలోల 350 గ్రాములు తూగవలెనని యెదురుచూచును. త్రాసు కిలో నూట ఇరువదిరెండు గ్రాములు ఎక్కువ చూపును. అతడు త్రాసును శంకించును, మిల్లును శంకించును, తూచినవానిని శంకించును. కాగితమును మాత్రము శంకింపడు. ఎందుకనగా ఆ కాగితము మీది వ్రాత చక్కని వ్రాతయే. పన్నా ఒక్కటి దానినుండి జారిపోయినది.